పడమటి తలుపు

ఆ రోజు సెప్టెంబరు పదిహేడు. ప్లాసిదోకి ఆ తేదీ తిండితో గుర్తుండిపోయింది. పసుపు వేసి వండిన అన్నం, కొవ్వులో వేయించి జాడీలో దాచిన పంది మాంసం, నిప్పుల మీద కాల్చిన ఎండు ఎగిరేచేప. పండగకని దాచినవన్నీ వదిన అంపారో ఒక్క పూటలో బయటికి తీసింది. పెద్ద గాలి వస్తోందంటే ఆ దీవిలో ప్రతి ఇంట్లోనూ అంతే, ఉన్న మంచి తిండంతా ముందే తినేస్తారు.

"ఇంకో రెండు ముక్కలు వేసుకో మరిదీ," అంది అంపారో. "జాడీ ఉంటుందో ఎగిరిపోతుందో తెలీదు. గాలికి పెట్టేకంటే నీకు పెట్టడం నయం."

"గాలికంటే నేనే ఎక్కువ తింటున్నానేమో వదినా."

"అది నా చెల్లెలు ఎప్పుడో చెప్పింది."

ప్లాసిదో నవ్వాడు. భార్య ఫెలీసా పోయి నాలుగేళ్లయినా, ఈ ఇంట్లో ఆమె పేరు ఎవరూ గొంతు తగ్గించి పలకరు. అది తనకు దొరికిన అదృష్టం అనుకుంటాడు. పట్నం పైన గుట్ట మీద ఉన్న వాతావరణ కేంద్రంలో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యాక, కొండకు ఆగ్నేయంగా, సముద్రం ఒడ్డునున్న వదినగారి ఊరికి వచ్చి, ఆవిడ పెరటి గదిలో ఉంటున్నాడు. వచ్చేటప్పుడు గాలి ఒత్తిడి కొలిచే ఒక ఇత్తడి భారమితి, ఒక రేడియో, బల్లంత పటం తెచ్చుకున్నాడు. రేడియోలో తుఫాను ఎక్కడుందో చెప్పినప్పుడల్లా పటం మీద ఒక చిక్కుడు గింజ పెడతాడు. ఆ మధ్యాహ్నానికి గింజల వరస తూర్పు సముద్రం మీంచి తిన్నగా దీవి వైపు వచ్చింది. చివరి గింజ మాత్రం కొంచెం దక్షిణానికి ఒరిగింది.

భోజనం అయ్యాక వాకిట్లోకి వెళ్లి గాలికి వీపు పెట్టి నిలబడ్డాడు. ఎడమ చెయ్యి పక్కకు చాచాడు. అలా నిలబడితే ఆ చెయ్యి చూపించే వైపునే తుఫాను నడిబొడ్డు ఉంటుంది.

కప్పు మీద తాళ్లు బిగిస్తున్న అంపారో మేనల్లుడు జసింతో పైనుంచి కేకేశాడు. "మావయ్యా, బస్సు ఆపుతున్నావా? ఇవాళ బస్సులు లేవు!"

చుట్టూ మూగిన పిల్లలు వరసగా చేతులు చాచి నిలబడ్డారు. ప్లాసిదో చెయ్యి ఆగ్నేయాన్ని చూపిస్తోంది. రేడియో చెప్పిందీ అదే.

"మనకి దక్షిణంగా, కింది వైపునుంచి పోతుంది," అన్నాడు. "గాలి ఇప్పుడు ఈశాన్యం. తర్వాత తూర్పుకి తిరుగుతుంది, ఆ తర్వాత దక్షిణానికి. పడమటి గాలి రాదు."

ఆ ఒక్క మాట మీద ఊరు ఊరంతా పనిచేసింది. రెల్లు కప్పులకు తూర్పు వైపు రెండో వరస తాళ్లు పడ్డాయి. అంపారో ఇంటి తూర్పు తలుపుకు లోపలి నుంచి దూలాలు అడ్డం పెట్టి మేకులు కొట్టారు. పడమటి తలుపు మాత్రం ఊరికే దగ్గరికి వేసి ఉంచారు. అది అక్కడి పద్ధతి. గాలి చాటున ఉన్న తలుపుకు గడియ వెయ్యరు. రాతి గోడలు లేనివాళ్లు, కప్పు పోయినవాళ్లు ఏ క్షణాన అయినా వస్తారు. తలుపు తడితే వినపడదు కాబట్టి తోసుకుని రావాలి. ఎవరైనా బయట ఉండిపోయారని తెలిశాక ఆ తలుపుకు గడియ పెట్టిన మనిషి గురించి ఆ ఊళ్లో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

సాయంత్రానికి పాతికమంది దాకా చేరారు. మూలన కోళ్లు, మధ్యలో పిల్లలు, గోడవారన ముసలివాళ్లు. రానిది క్రిస్పులో ఒక్కడే.

"ఆవుని విప్పడానికి సముద్రం పక్క మిట్టకి పోయాడు," అన్నాడు జసింతో. "వస్తూ ఇక్కడ ఆగమన్నాను అత్తా. 'అంపారో గడప తొక్కేకంటే ఆవు పక్కన పడుకుంటా' అన్నాడు."

"పడుకోనీ. ఆ ఆవుకే పాపం," అంది అంపారో. కానీ మాట్లాడినంతసేపూ పడమటి తలుపు వైపే చూసింది.

ఏడాది కిందట అంపారో పంది క్రిస్పులో దుంపతోటంతా తవ్వేసింది. ఆదివారం చర్చి ముందు క్రిస్పులో, "పందిని అనుకుని ఏం లాభం, నేర్పిందెవరో?" అన్నాడు. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు.

చీకటి పడబోతుండగా రేడియోలో గొంతు చిట్లిపోయింది. "కేంద్రం... ఉత్తరంగా..." అన్న రెండు మాటలు వినపడి ఆగిపోయింది. ప్లాసిదో భారమితి వైపు చూశాడు. తుఫాను పక్కనుంచి పోయేదయితే ముల్లు ఈపాటికి నిమ్మళించాలి. అది ఇంకా దిగుతూనే ఉంది. గాలి తూర్పుకు తిరగనూ లేదు. మధ్యాహ్నం ఎటునుంచి వీచిందో ఇప్పటికీ అటునుంచే, అంతకు రెండింతలుగా వీస్తోంది.

అప్పుడే పడమటి తలుపు తోసుకుని ఒక ఇల్లాలు చంటిపిల్లతో లోపలికి పడింది. తలుపు తెరిచి ఉన్న ఆ కాస్తసేపట్లో ప్లాసిదో కంటికి కొండ భుజం కనిపించింది. దాని పైన మబ్బులు వాయవ్యం నుంచి సముద్రం వైపు పరుగెడుతున్నాయి. కింద సందులో ఆకులు మాత్రం ఈశాన్యం నుంచి కొట్టుకొస్తున్నాయి.



ప్లాసిదో పట్నం గుట్ట మీద ముప్పై ఏళ్లు నిలబడ్డాడు. అక్కడ గాలికి అడ్డం ఏదీ లేదు, చాచిన చెయ్యి ఎప్పుడూ తప్పు చెప్పలేదు. ఇక్కడ నెత్తిన కొండ ఉంది. ఉత్తరపు గాలి కొండను ఢీకొని, దాని తూర్పు భుజం చుట్టి, వేరే దిక్కు వేషం వేసుకుని ఊళ్లోకి వస్తోంది. మధ్యాహ్నమంతా తన చెయ్యి చూపించింది తుఫానును కాదు, కొండ వంచిన గాలిని. తుఫాను ఉత్తరంగా, పై వైపునుంచి పోతోంది. కాసేపట్లో గాలి కొండ చాటు వదిలించుకుని పడమటి నుంచి దిగుతుంది. దిగితే ఆ తలుపు తెరుచుకుంటుంది. లోపలికి దూరిన గాలి కప్పును తాళ్లతో సహా పైకెత్తుతుంది.

అంపారో పక్కకు వెళ్లి మెల్లగా చెప్పాడు. "వదినా, నేను పొరపాటుపడ్డాను. గాలి పడమటికి తిరుగుతోంది. ఆ తలుపు ఇప్పుడే మూసెయ్యాలి. తూర్పుది విప్పాలి."

ఆవిడ అతని ముఖంలోకి చూసింది. "ఎంతసేపుంది?"

"అరగంట. అంత కూడా లేకపోవచ్చు."

"అయితే అంతసేపూ తెరిచే ఉంటుంది. వాడు వస్తే ఆ తలుపుకే వస్తాడు. అలవాటు."

"రానన్నాడుగా."

"వాడు అనేవి సవాలక్ష. బయట మనిషి ఉండగా గడియ పెట్టమంటావా? మా అమ్మ కట్టిన ఇల్లు ఇది."

"పిల్లలున్నారు వదినా."

ఆవిడ పిల్లల వైపు చూడలేదు. చూస్తే ఏమవుతుందో తెలిసినట్టు పైకి చూసింది. సరిగ్గా అప్పుడే సందులో గాలి ఆగిపోయింది. ఎక్కడో కొండ మీద, బండరాళ్లు దొర్లుతున్నట్టు ఒక చప్పుడు మొదలైంది. రెల్లు కప్పు ఒక్కసారి పైకి ఉబ్బి, మళ్లీ వాలింది. దుమ్ము రాలింది. చంటిపిల్ల చెవులు పట్టుకుని ఏడ్చింది.

"తూర్పుది విప్పండి," అంది అంపారో.

"మధ్యాహ్నం కొట్టించిన మేకులు ఇప్పుడు పీకమంటారా?" అంటూనే జసింతో గడ్డపార అందుకున్నాడు. దూలాలు చేతులు మారి పడమటికి వచ్చాయి. అంపారో ఆఖరిసారి తలుపు కాస్త తెరిచి సందులోకి చూసింది. ఎవరూ లేరు. ఆవిడే తలుపు మూసింది. జసింతో దూలం బిగించేటప్పుడు మాత్రం మొహం తిప్పుకుంది.

మొదటి దెబ్బకు తలుపు విల్లులా వంగింది. నలుగురు మగవాళ్లు వీపులు ఆనించారు.

అంపారో గోడ మీంచి శంఖం తీసుకుంది. ఆ ఊళ్లో కప్పు నేయడానికైనా, దుంపలు నాటడానికైనా అందరినీ పనికి పిలిచే శంఖం అది.

"ఆపద పిలుపు ఊదు వదినా," అన్నాడు ప్లాసిదో.

"ఆపదని పిలిస్తే రాడు. మొండి ముండాకొడుకు. తన ఆపదకి నా ఇంటికా అనుకుంటాడు."

తూర్పు తలుపు తెరిచి గడపలో నిలబడి, మూడు పొడుగు ఊపిరుల్లో పని పిలుపు ఊదింది. ఇంటిని కూల్చడానికి వచ్చిన గాలే ఆ మోతను సముద్రం వైపు, మిట్ట వైపు మోసుకుపోయింది. ప్లాసిదోకి గుర్తొచ్చింది. కిందటి ఎండాకాలం ఇదే కప్పు నేసినప్పుడు క్రిస్పులో అందరికంటే ముందు వచ్చాడు. పొద్దు గూకేదాకా ఒక్క మాట మాట్లాడకుండా రెల్లు అందించాడు, తిండి దూరంగా కూర్చుని తిన్నాడు. పనికి పిలిస్తే రాని మనిషి ఆ ఊళ్లో లేడు.

ఆవిడ ఊదింది. ఆగి, విని, మళ్లీ ఊదింది. పెదవి చిట్లి రక్తం కారుతున్నా ఆపలేదు. లోపల తలుపుకు ఆనిన వీపులు జారుతున్నాయి. ఇంకో ఇద్దరు వెళ్లారు. కప్పు దూలానికి కట్టిన తాడు పట్టుకుని ప్లాసిదో కూడా వేలాడాడు. పక్కనెక్కడో ఒక కప్పు లేచిపోయిన చప్పుడు అయింది.

చీకట్లో ముందు కనిపించింది ఒక చెయ్యి. తర్వాత బురదలో మోకాళ్ల మీద పాకుతూ క్రిస్పులో. తల పగిలింది. పిడికిట్లో పలుపుతాడు ఉంది, దాని చివర ఆవు లేదు. గడప ముందు ఆగి, గోడ పట్టుకుని లేచాడు.

"ఏం పని?" అన్నాడు.

"కప్పు పోతోంది," అంది అంపారో. "తాడు పట్టుకో."

క్రిస్పులో గడప దాటి వచ్చి ప్లాసిదో పక్కన తాడు పట్టుకుని వేలాడాడు. జసింతో నోరు తెరవబోయాడు. అంపారో చూసిన చూపుకు మూసేశాడు.

"పనికొచ్చాను," అన్నాడు క్రిస్పులో, ఎవరూ అడక్కుండానే. "తిండి బయటే తింటా."

"పళ్ళెం సముద్రంలో తేలుతుంది. ఇక్కడే తిను," అంటూ జాడీ అడుగున మిగిలిన రెండు ముక్కలూ తెచ్చి, అతని చేతులు ఖాళీ లేవు కాబట్టి, ఒకటి నోట్లో పెట్టింది. అతను నమిలాడు. చాలాసేపు నమిలాడు.

"ఉప్పెక్కువైంది," అన్నాడు.

"నీ రక్తం అది."

ఎవరో నవ్వారు, మరో దెబ్బకు ఆ నవ్వు సగంలో తెగిపోయింది. తలుపు మళ్లీ వంగింది, మళ్లీ నిలబడింది. ప్లాసిదో దీపం వెలుతుర్లో భారమితి వైపు చూశాడు. ముల్లు ఇంకా లేవలేదు. అంపారో అతని చూపు పట్టుకుంది.

"ఇంకా ఉందా మరిదీ?"

"ఉంది. ఇప్పుడే మొదలైంది."

ఆవిడ తల ఊపింది. తూర్పు గడపలోకి వెళ్లి కాసేపు నిలబడింది. సాయంత్రం దాకా కనిపించిన కింది వరస ఇళ్ల దీపాలు ఒక్కటీ లేవు. సముద్రం ఉండాల్సిన చోట నల్లటి రొద ఉంది. శంఖం గడప పక్కన పెట్టి, రెండు చేతులతో తలుపు మెల్లగా దగ్గరికి లాగింది. గడియ మాత్రం పెట్టలేదు.