వర్నా పేరున వచ్చిన పొట్టేలు

పెద్దకొమ్ముల కొండ పొట్టేలును వేటాడాలంటే మోంటానా రాష్ట్రంలో ప్రభుత్వం తీసే లాటరీ తగలాలి. లైల్ ముప్పై ఒక్క ఏళ్ళుగా తన పేరు పంపుతున్నాడు. పనిలో పనిగా భార్య వర్నా పేరూ పంపేవాడు. వాళ్ళ ఊళ్ళో మగవాళ్ళందరూ చేసే పనే అది, ఒక చీటీ రెండవుతుందని. ఏటా ఏప్రిల్‌లో వర్నా గిన్నెలు తోముతూ, తడిచేత్తోనే దరఖాస్తు మీద సంతకం గీకి పడేసేది.

ఈ జూన్‌లో అనుమతి వచ్చింది. వర్నా పేరున. అది ఇంకొకరికి మార్చడానికి వీల్లేదు, తుపాకీ ఆమే పేల్చాలి.

లైల్ రెండు రోజులు ఆ కాగితాన్నే తిప్పి తిప్పి చూశాడు. మూడోరోజు వంటింటి బల్ల మీద బేర్‌టూత్ కొండల మ్యాపు పరిచాడు. ఆ రోజు నుంచి వర్నాకు బల్ల మీద భోజనం లేదు. తొమ్మిది రోజుల తిండి, గుడారం, తాడు, అన్నీ తూకం వేశాడు. వృద్ధాశ్రమం వంటింట్లో పొద్దంతా నిలబడి వచ్చిన మనిషి చేత, వీపున కోళ్ళ దాణా మూట కట్టి అలవాటు కావాలని రోజూ గుట్ట ఎక్కించేవాడు. ఇంటికొచ్చేసరికి ఆమె ప్రాణం కడబట్టేది.

"నా పళ్ళ బ్రష్షు పిడి ఎవరు కోశారు?"

"నేనే. మూటలో అర ఔన్సు బరువు తగ్గుద్ది."

"నీ పొట్ట తగ్గించుకో, ఇరవై పౌండ్లు తగ్గుద్ది."

ఆగస్టులో ఒక ఆదివారం ఇద్దరూ దారి చూసి రావడానికి బయల్దేరారు. రెండో మలుపులోనే లైల్ మోకాలు మొరాయించింది. ఓ బండ మీద కూలబడి, "నువ్వెళ్ళి చూసిరా" అన్నాడు. మొహం పాలిపోయి ఉంది.

వర్నా తిరిగొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.

"పొట్టేళ్ళు కనిపించాయా?"

"ఐదు. ఒకటి బాగా ముసలిది. కొమ్ములు చెంపల చుట్టూ తిరిగిపోయాయి."

లైల్ టోపీతో మొహం తుడుచుకున్నాడు. అలాంటి పొట్టేలు కోసమే అతను సగం జీవితం ఎదురుచూశాడు.

"వేటకి నువ్వూ మీ తమ్ముడూ వెళ్ళండి. ఎక్కడ దిగాలో, ఎటునుంచి ఎక్కాలో అంతా రాసిస్తా."

వర్నాకు ఒళ్ళు మండిపోయింది. అరవడానికి ఓపిక లేదు.

"ముప్పై ఒక్క ఏళ్ళు నా పేరు పంపావు. ఒక్కసారన్నా, వర్నా, కొండకి వస్తావా అని అడిగావా?"

"నీకిష్టం ఉండదనుకున్నా."

"అడిగితే కదయ్యా తెలిసేది!"

నిజంగానే ఆ ఆలోచన లైల్‌కి ఒక్కనాడూ రాలేదు. సిగ్గేసింది. వర్నా మూట దించి భుజాలు నొక్కుకుంది.

"సరే, నేనడుగుతున్నా. నాతో వస్తావా?"

"ఈ మోకాలితోనా? కొండ మీదున్న సరస్సు దాకా కూడా రాలేనే."

"నువ్వు ఎక్కడిదాకా రాగలిగితే అక్కడే గుడారం వేద్దాం. తొమ్మిది రోజులూ."

"అంత కిందకి పొట్టేళ్ళు రావు, వర్నా."

"తెలుసు."

లైల్ బండ మీద పక్కకు జరిగి ఆమెకు చోటిచ్చాడు.