చల్లని చుక్కలు

"ఇది నా పొడి కాదు." రామకోటయ్య టీ గ్లాసు కింద పెట్టాడు.

"మీ డబ్బాలోదే," అంది భార్య ప్రమీలమ్మ.

"డబ్బా నాదే. లోపలుండేది సంతలో అమ్మే పొట్టు. ఇన్నేండ్లు అంగడి చేస్తాండా, నాకు తెలీదా?"

"చీటీ ఊడలేదు గదా. డబ్బా అదైతే సాలదా?"

రామకోటయ్యకు ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. చెప్పులేసుకుని అంగడికి బయల్దేరాడు. పొయ్యి దగ్గర కోడలు ఉదయశ్రీ తల వంచుకుంది.

కోయిలకుంట్ల బజారులో రామకోటయ్య అంగడంటే కల్తీ లేని సరుకని పేరు. కరోనాకు ఊళ్లన్నీ మూతపడ్డ ఎండాకాలంలో కూడా ఆయన వ్యానుకు పాసుండేది. వారం వారం కర్నూలు నుంచి పప్పులూ నూనెలూ వచ్చేవి. ప్రమీలమ్మ కంటి చుక్కలే రాలేదు. ఆమెకు కళ్లలో నీటికాసులు, లోపలి ఒత్తిడితో చూపును మెల్లగా తినేసే జబ్బు. ఆ చుక్కలు చూపును పెంచవు, ఉన్నదాన్ని పోనివ్వవు, అంతే. "పెరగని చూపుకు మందెందుకు?" అనేవాడాయన. ఆమె నస పడలేక, పక్క మందుల షాపులో కళ్లకు చలవ చేసే చుక్కలు కొని, పాత సీసా మూతి ఊడదీసి అందులో పోసిచ్చాడు. అడిగిన రకం లేకపోతే ఉన్న రకం అంటగట్టడం అంగడివాళ్ల చేతి అలవాటు.

ఆ చుక్కలు పాతవాటిలా మండలేదు. మంట తగ్గిందంటే రోగం తగ్గిందనుకుని ఆమె దేవుడికి కొబ్బరికాయ కూడా కొట్టింది. దసరా నాటికి కుడి పక్క కనపడక భుజం ద్వారబంధాలకు తగలడం మొదలైంది.

కర్నూలు డాక్టరు పరీక్ష చేసి, మందు మానేశారా అన్నాడు. ఒక్క పూటా మానలేదంది. "అందరూ అదే చెప్తారమ్మా," అన్నాడు. పోయిన చూపు తిరిగి రాదనీ, మిగిలింది నిలవాలంటే ఆపరేషన్ చేయాలనీ చెప్పాడు. అబద్ధమాడిన మనిషిలా బయటికొచ్చిన ఆమెతో, వ్యానెక్కాక మొగుడు గొణిగాడు: "ఆ సీసాలోది వేరే మందులే. నువ్వు దిగులు పడతావని..."

అప్పటి నుంచి ఏ సీసాను చూసినా ఆమెకు అనుమానమే. డాక్టరు రాసిన చుక్కలు మండినా భయం, మండకున్నా భయం. ఆపరేషన్ మాటెత్తితే లేచిపోయేది.

తాను మార్చిన టీ పొడిని మాత్రం ఒక్క గుక్కలో కనిపెట్టినాడు! ఆ పొద్దున టీ గొడవైనప్పటి నుంచి ఆ మాటే ఆమె లోపల మెదిలింది.

మధ్యాహ్నం అందరూ అన్నానికి కూర్చున్నారు.

"సోమవారం కర్నూలు పోతాండా. ఆపరేషన్ చేయించుకుంటా," అంది ప్రమీలమ్మ, నెయ్యి వడ్డిస్తూ.

రామకోటయ్య ముఖం వికసించింది. "నేనూ వస్తా."

"మీరొద్దు. ఉదయ వస్తాది. ప్రతి సీసా నా ముందర ఆ పిల్లే తెరుస్తాది. కన్ను కుదురుకున్నాక నేనొచ్చి అంగట్లో కూర్చుంటా, తక్కెడ పక్కనే. కన్నుకేమైందక్కా అని అడగని మనిషి ఉండడు. అడిగిన ప్రతి ఒక్కరికీ చెప్తా."

"ఏమని?"

"మీరు చేసిందే."

కొడుకు ప్రదీప్‌కుమార్ చేతిలో ముద్ద ఆగిపోయింది. "అంగడి పేరు పోతాదమ్మా."

"పోనీ. నా చూపు పోలేదా?" అని, ఆమె మొగుడి విస్తట్లో ఇంకో గరిటెడు పప్పు వేసింది.