ఐదు పేర్లు, ఒకటే సరుకు

వైట్‌స్పాట్ జబ్బుతో ఒక్క వారంలో రొయ్యలన్నీ పోయిన ఏడాదే వీరలక్ష్మి గట్టిగా అనుకుంది, ఇక చేతికొచ్చినదంతా చెరువుల్లోనే పెట్టకూడదని. ఐ.పోలవరంలో మూడు చెరువుల పనీ భర్తతో సమానంగా చేసే మనిషి ఆమె. తర్వాతి రెండు పంటలూ బాగా రావడంతో, మిగిలిన డబ్బుతో అమలాపురంలో మ్యూచువల్ ఫండ్ల ఏజెంటు గోపీకృష్ణ దగ్గరకు వెళ్ళింది. కొంత షేర్లలో, కొంత బాండ్లలో, కొంత బంగారంలో ఉండేలా చూడమని విడమరిచి చెప్పింది. ఆయన ఐదు ఫండ్ల కాగితాలు ముందు పెట్టి, ఐదూ వేర్వేరు సంస్థలవి కాబట్టి దిగులే లేదన్నాడు. ఆమె సంతకాలు చేసింది.

ఏడాదిన్నర తిరక్కుండానే మార్కెట్టు పడింది. ఐదు ఫండ్లూ కలిసికట్టుగా పడ్డాయి. అనుమానం వచ్చి, మేనకోడలు దుర్గాసాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఏ ఫండు డబ్బు ఎక్కడ పెట్టిందో ఫోన్లో చదివించుకుంది. ఐదూ చిన్న కంపెనీల షేర్లే కొన్నాయి. సగానికి సగం పేర్లు అన్నింట్లోనూ అవే. బాండ్లు లేవు, బంగారం లేదు.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కింది. గోపీకృష్ణ ఆఫీసులో అప్పటికే నలుగురు కూర్చుని ఉన్నారు.

“నేను చెప్పిందేంటండీ, మీరు చేసిందేంటండీ?” అని అడిగింది.

ఆయన నవ్వాడు. “అయ్యన్నీ మీకెందుకు అక్కగారూ? ఓ రెండేళ్ళు ఓపిక పట్టండి, అయ్యే లేస్తాయి.”

నష్టం కంటే ఆ నవ్వుకే ఆమెకు ఒళ్ళు మండిపోయింది. నీళ్ళ ఉప్పదనం చూసి మేత ఎంతెయ్యాలో తేల్చే మనిషికి ఈ కాగితాలు అర్థం కావా?

“మూడు చెరువులకీ ఒకే కాలవ నీళ్ళెడితే జబ్బు మూడింటికీ వస్తదండీ. ఆ మాత్రం నాకు తెలుసు. మీకు కమీషనెక్కువొచ్చే ఫండ్లు ఇయ్యేనా, కాదా?”

అక్కడ కూర్చున్న నలుగురిలో, ముక్తేశ్వరం నుంచి వచ్చిన కొబ్బరి రైతు సూర్యారావు తన సంచీలోంచి కాగితాలు తీసి చూసుకుని, “ఆయ్, నావీ ఇయ్యేనండీ,” అన్నాడు మెల్లగా.

వీరలక్ష్మి ఆ సంస్థలకు ఫిర్యాదు రాసింది. రిస్కు అంతా ముందే రాసి ఉందనీ, సంతకం ఆమెదేననీ జవాబొచ్చింది.  తర్వాత ఏజెంటుతో పనిలేకుండా, ఐదింట్లో ఒక్కటే ఉంచుకుని, మిగతాది కొద్దికొద్దిగా బాండ్ల ఫండులోకీ బంగారం ఫండులోకీ తనే మార్చుకుంది. పోయినది పోయింది. కానీ కోపం పోలేదు. సూర్యారావు సంతకం కూడా పెట్టించి, ఈసారి మార్కెట్టును అదుపు చేసే పెద్ద ఆఫీసుకే ఫిర్యాదు పంపింది.