అక్క ఆగే చోటు

సైకిలు వెనక చక్రానికి గాలి కొట్టి, బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ రెండు పోట్లు కొట్టాడు కొమురయ్య. ఆ చక్రంలో గాలి నిలవదని అతనికి తెలుసు. తంగళ్ళపల్లి దాకా నిలిస్తే చాలు, అక్కడ పంక్చర్లు వేసేవాడు తమ సంఘం విశ్వాసే. హ్యాండిలుకు సంచీ తగిలించాడు. అందులో అట్ట ఊడితే గుడ్డతో కుట్టుకున్న బైబిలు, కరపత్రాల కట్ట, ఒక కంజీర. బేస్తవారం వచ్చిందంటే మానేరు దాటి పల్లెలు తిరగడం, మధ్యాహ్నానికి అక్క ఇంట్లో ఇంత తినడం అతని రివాజు.

సిరిసిల్ల మూగబోయి ఉంది. సకల జనుల సమ్మెలో బొగ్గు ఆగింది, బొగ్గుతో కరెంటు ఆగింది, కరెంటుతో మరమగ్గాలు, సిరిసిల్ల మాటలో సాంచెలు, ఆగాయి. ఆ చప్పుళ్ళోనే పుట్టి పెరిగిన పిల్లలకు ఇప్పుడు నిద్ర పట్టడం లేదని తల్లులు చెప్పుకుంటున్నారు. కొమురయ్యకు మాత్రం ఆ నిశ్శబ్దం హాయిగా ఉంది. సాంచెల మోత మీద అరిచి అరిచి సువార్త చెప్పిన గొంతుకు దేవుడే సెలవిచ్చాడనుకున్నాడు.

ఇంత కాలం బోధించినా అతను పాస్టరు కాలేదు. కోరుట్లలో మొదలుపెట్టాడు, జగిత్యాల పంపితే జగిత్యాల వెళ్ళాడు, సిరిసిల్ల పంపితే సిరిసిల్ల వచ్చాడు. ఎక్కడా మందిరం కట్టలేదు, మైకు కొనలేదు. బాప్తిస్మం నాడు పేరు మార్చుకొమ్మంటే, "గీ పేరు మా అమ్మ వెట్టింది. దేవునికి నోరు తిరుగదా ఏంది?" అన్నాడట. బక్క మనిషి. నీలిమందు ఎక్కువైన తెల్ల చొక్కా, అరిగిన మడమలు, ఆ ఒంట్లో ఎక్కడ దాగుందో తెలియని పెద్ద గొంతు. ఎట్లున్నవే అంటే "నడుస్తంది" అనేవాడు. నడుస్తున్నందుకు నిజంగానే సంతోషపడే మనిషి.

అతనికి పేరు తెచ్చిన ప్రసంగం ఒక్కటే. అది ఆర్సీయం వాళ్ళ మీద, అంటే రోమన్ కేథలిక్కుల మీద. "బైబిలు చేతిల వట్టుకొని బొమ్మ ముందట మోకరిల్లెటోన్ని ఏమనాలె?" అని కంజీర చరిచేవాడు. జపమాలను పూసల సంకెల అనేవాడు. అది విని మారినవాళ్ళలో గట్టివాడు రాజమౌళి. సాంచెల కార్మికుడు, కోరుట్ల దిక్కు ఆర్సీయం కుటుంబంలో పుట్టినవాడు. కొమురయ్య మాట మీద తల్లి ఇచ్చిన జపమాలను మానేరులో విసిరేశాడు. ఆ తల్లి చాన్నాళ్ళు కొడుకుతో మాట్లాడలేదు. ఆదివారం సాక్ష్యం చెప్పమంటే రాజమౌళి ఇప్పటికీ ఆ సంగతే చెబుతాడు.

ఆ రాజమౌళి ఇవాళ పని లేక, అయ్యగారికి తోడుగా సైకిలు వెనక ఎక్కాడు. కొమురయ్య మనసు మాత్రం పల్లెల మీద లేదు. తెల్లారుతూనే మేనకోడలు రాధ ఫోను చేసింది. "మామా, అమ్మకు శాత గావట్లేదు. ఫాదర్ గావాలె, ఫాదర్ గావాలె అంటంది. ఆయనేమొ జగిత్యాలల చిక్కుకుండు. రాస్తారోకో అయిపోయినంక పొద్దుమీకి వస్తడట. నువ్వన్న రా."

మానేరు వంతెన దగ్గర ఎడ్లబండ్లు అడ్డంగా నిలిపి ఉన్నాయి. రోడ్డు మధ్యలోనే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. గంగాళంలో కిచిడీ ఉడుకుతోంది. కొమురయ్యను చూసి పోరగాళ్ళు సైకిలు పట్టుకున్నారు.

"పాస్టరన్నా, పంతులు మంత్రం సదివిండు, మౌల్సాబ్ దువా జేసిండు. నువ్వొక్కటి చెప్తే తెలంగాణ అచ్చుడే!"

కొమురయ్య కాదనలేదు. కళ్ళు మూసుకున్నాడు. అతని ప్రార్థనకు మొదలే గానీ కొస ఉండదని సంఘంలో నవ్వుకుంటారు. ఐగుప్తులో మొదలుపెట్టి, ఎర్రసముద్రం దాటించి, నిజాం కాలానికి వచ్చేసరికి గంగాళం దగ్గరి మనిషి బతిమాలాడు.

"అన్నా, జెర ఆమెన్ అను. కిచిడీ అడుగంటుతంది."

ఆమెన్ అన్నాడు. అందరూ జై తెలంగాణ అన్నారు. ఆకులో పోసిచ్చిన కిచిడీ తిని, ఇద్దరూ బండ్ల సందులోంచి సైకిలు దాటించుకున్నారు.

అక్క పోచమ్మది తంగళ్ళపల్లి దాటాక లోపలి పల్లెలో రేకుల ఇల్లు. చర్చి పుస్తకంలో ఆమె మరియమ్మ, ఊరి నోట్లో పోచమ్మే. గత్తర, అదే కలరా, వచ్చి తల్లి పోయినప్పుడు తనకే సరిగ్గా ఊహ తెలియని ఆ పిల్ల, తమ్ముణ్ణి చంకనేసుకుని మిషను సిస్టర్ల హాస్టలుకు నడిచింది. రాత్రిళ్ళు వాడు అమ్మ కోసం ఏడిస్తే, ఊరుకోబెట్టడానికి ఆమెకు పాటలేవీ రావు. సిస్టర్లు కొత్తగా నేర్పిన, మరియమాతను వేడుకునే మంగళవార్త జపమే చెవిలో చెప్పేది. కొమురయ్యకు మొట్టమొదట నోటికొచ్చింది అదే. పెద్దయ్యాక సువార్త దళంలో కలిసిపోయి, ఇక నేను ఆర్సీయం కాదని చెప్పడానికి వణుకుతూ వస్తే, "యేసు సామిని ఇడ్సిపెట్టలే గద? ఇంకేంది మరి, కాళ్ళు గడుక్కో, బువ్వ తిందువు" అంది. ఆమె కోప్పడి ఉంటే అతనికి కొంత సులువుగా ఉండేది.

ఒకసారి ఆమె వాడలోనే ఆ విగ్రహాల ప్రసంగం చేశాడు. ముందు వరసలో ఒళ్ళో జపమాల పెట్టుకుని చివరిదాకా విన్నది. అయిపోయాక చెంబుతో మజ్జిగ తెచ్చి, "మస్తు చెప్పినవ్ తమ్మీ. గొంతెండింది, తాగు" అంది. అంతకన్నా పెద్ద దెబ్బ అతనికెవరూ కొట్టలేదు. అయినా ప్రసంగం మానలేదు, బేస్తవారం భోజనమూ మానలేదు.

ముందు గదిలో నులక మంచం మీద పోచమ్మ గుప్పెడంత అయి ఉంది. పక్కన రాధ బీడీల చాట ముందేసుకుని కూర్చుంది, చేతులు మాత్రం కదలడం లేదు. గూట్లో యేసు తల్లి మరియమ్మ పటం. రాజమౌళి పటాన్ని చూసి గడప బయటే ఆగిపోయాడు.

"ఎట్లున్నవక్కా?"

"పోయెటందుకు తయారున్న. బస్సులే లెవ్వు" అంది పోచమ్మ. నవ్వబోతే దగ్గు వచ్చింది.

కొమురయ్య మంచం పట్టెమీద కూర్చుని ఆమె నుదుటి మీద చేయి వేశాడు. "ప్రార్థన చేస్త అక్కా."

"నీ ప్రార్థన నాకెర్కే. అది ఒడిసెదాక నేనుండ." కాసేపు ఊపిరి కూడదీసుకుంది. దిండు కింద నుంచి జపమాల తీసి అతని ఒళ్ళో పడేసింది. "ఫాదర్ రాకపాయె. నా ఏళ్ళు పూసను వడ్తలెవ్వు. నువ్ జరుపు తమ్మీ. నువ్ చెప్పు, నేను పలుకుత."

ఊరూరా తను సంకెల అన్న వస్తువు కొమురయ్య ఒళ్ళో ఉంది. గడపలో, ఆ మాట నమ్మి తల్లిని ఏడిపించిన మనిషి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు పూస ముట్టుకుంటే ఆదివారం ఏ మొహంతో నిలబడాలి? ముట్టుకోకపోతే అక్క చివరి కోరిక కాదని ఏ మొహంతో బతకాలి? అక్క మాత్రం అతని వైపు చూడనైనా లేదు. అడిగింది ఇస్తారని తెలిసిన పిల్లలా కళ్ళు పైకెత్తి ఎదురుచూస్తోంది. కొమురయ్య పూస పట్టుకున్నాడు.

"అయ్యగారూ!" అన్నాడు రాజమౌళి. "నా జపమాలను మానేరు వాగుల ఏయమంటిరి గద."

"అవ్, ఏయమన్న."

"గప్పుడు మీరు చెప్పింది తప్పా? గిప్పుడు మీరు చేసేది తప్పా?"

"తెల్వదు రాజమౌళీ. అక్క అడిగింది" అన్నాడు కొమురయ్య.

కళ్ళు మూసుకుని మొదలుపెట్టాడు. ఇన్నేళ్ళ తర్వాత మంగళవార్త జపం దానంతటదే నాలుక మీదికి వచ్చింది. ఎక్కడా తడబడలేదు. కానీ ఊరూరా ప్రార్థించిన నోరు అక్కడ ఆగుతుందా? ఆ ఊపులోనే, "అని నీ కుమారుని నామమున వేడుకొంటున్నాము తండ్రీ!" అని ముగించాడు.

పోచమ్మ కళ్ళు పెద్దవయ్యాయి. "మరియమ్మను వట్టుకొని తండ్రీ అంటవేందిరా!" అంది. రాధ కన్నీళ్ళ మధ్యే ఫక్కున నవ్వింది. పోచమ్మకు నవ్వడానికి ఊపిరి చాలక మంచమంతా ఊగింది. కొమురయ్య సిగ్గుపడి తనూ నవ్వేశాడు. "కండ్లు తెరువు తమ్మీ, నన్ను జూసుకుంట చెప్పు" అంది అక్క. తెరిచాడు గానీ, రెండు మాటలు దాటేసరికి మళ్ళీ మూతబడ్డాయి. అలవాటు అట్లాంటిది.

అప్పుడింకో చిక్కు వచ్చింది. పది పూసల వరస మొదలుపెట్టే ముందు క్రీస్తు జీవితంలోని ఒక ఘట్టం తలుచుకోవాలి. ఏ రోజుకు ఏ ఘట్టాలో కొమురయ్య మరిచిపోయాడు. పూస పట్టుకుని అట్లాగే ఉండిపోయాడు.

గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. "ఇయ్యాల బేస్తారం అయ్యగారూ" అన్నాడు రాజమౌళి. అతని గొంతు చిన్నపిల్లవాడి గొంతులా ఉంది. "సంతోష రహస్యాలు. దేవదూత కబురు దెచ్చుడు మొదటిది. మా అమ్మ గట్లనే చెప్పేది." గడప మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. కానీ మంగళవార్త రెండో సగం వచ్చినప్పుడు పోచమ్మ సన్నటి గొంతు వెనక అతని గొంతు కూడా వినిపించింది. రాధ లేచి, చర్చిలో ఆశీర్వదించి ఇచ్చిన కొవ్వొత్తి వెలిగించి, మంచం తలాపున కిటికీ ఎండ పడుతున్న స్టూలు మీద నిలబెట్టింది.

ఒక వరస అయింది. వరస మారినప్పుడల్లా పరలోక జపం వస్తుంది. అది రెండు సంఘాల వాళ్ళకీ ఉన్నదే కనుక కలిసే చెప్పారు. కాకపోతే ఆర్సీయం వాళ్ళు కీడు నుంచి తప్పించమన్న చోట ఆగిపోతారు. కొమురయ్య వాళ్ళకు ఆ తర్వాత రాజ్యము, బలము, మహిమ అని ఒక తోక ఉంటుంది. అక్క ఆగింది, అతను ఒంటరిగా ఆ తోక పూర్తి చేశాడు. "ఒడిసిందా?" అంది అక్క ఓపిగ్గా. రెండో వరస చివరా అంతే. ఆమె తన చోట ఆగడం, తమ్ముడు మిగిలింది ముగించేదాకా కాచుకోవడం. చిన్నప్పుడు హాస్టలు బావి దగ్గర తను నీళ్ళు పోసుకుని, వాడి స్నానమయ్యేదాకా తువ్వాల పట్టుకుని నిలబడేది కూడా ఇట్లాగే. కొమురయ్యకు ఎందుకో కడుపు నిండినట్టుంది. గెలవాలన్న కోరిక తనలో ఎప్పుడు చల్లారిందో అతనికే తెలియలేదు.

మళ్ళీ పరలోక జపం వచ్చింది. పోచమ్మ గొంతు ఇప్పుడు పెదవుల కదలిక మాత్రమే. కీడు నుంచి తప్పించమన్న చోట ఆమె ఆగింది. కొమురయ్య కళ్ళు మూసుకునే రాజ్యము, బలము, మహిమ అని నింపాదిగా చెప్పి, ఆమెన్ అని, అక్క అడిగే మాట కోసం ఆగాడు.

అక్క అడగలేదు.

గడప మీంచి రాజమౌళి లేచి నిలబడ్డాడు. కొమురయ్య కళ్ళు తెరిచాడు. పోచమ్మ అతని వైపే చూస్తోంది, ఆ చూపులో ఇంకా కాచుకున్నట్టే ఉంది. అతను మెల్లగా ఆ రెప్పలు మూసి, ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, పసివాడిలా ఏడ్చాడు. కొంతసేపటికి రాజమౌళి గడప దాటి లోపలికి వచ్చి అతని భుజం మీద చేయి వేశాడు.

పాడెకు వెదురు కోసం మగవాళ్ళు వెళ్ళారు. ఆడవాళ్ళు నీళ్ళు కాగబెట్టారు. బండ్లు తీసేస్తున్నారని, బయల్దేరుతున్నానని ఫాదర్ ఫోను చేశాడు. రాధ ముక్కు చీదుకుంటూ మంచం తలాపు దగ్గరికి వచ్చింది.

"పట్టపగలే గద మామా, ఆర్పేద్దునా?"

"ఉండనీ బిడ్డా" అన్నాడు కొమురయ్య.

ఆ ఎండలో కొవ్వొత్తి మంట కంటికి ఆనడం లేదు. మైనం మాత్రం స్టూలు మీదికి ఒక్కొక్క చుక్కే జారుతూ ఉంది.