రెండో సగం బాకీ

మితంగా బతకమని దేవుడు చెప్పాడంటే, చవకది కొనుక్కోమని చెప్పినట్టేనా? చాలా ఏళ్లుగా నన్ను వదలని సందేహం ఇది. నేను పరుపులు కుట్టి అమ్ముతాను. చవక పరుపు కొన్నవాడు నడుము పట్టుకుని మళ్లీ నా దగ్గరికే వస్తాడు. అది చూసి కూడా, నా ఇంటికి ఏది కొన్నా చవకదాని వైపే చెయ్యి పోతుంది. దాన్ని నేను భక్తి అనుకుంటాను. మా ఆవిడ దానికి వేరే పేరు పెట్టింది.

వీడియో గేమ్ కన్సోల్ కొనబోతే ఆ సందేహం మళ్లీ ఎదురైంది. మా పాత కన్సోల్ పాడై చాలా కాలమైంది. దాన్ని తన తమ్ముడే పాడుచేశాడని మా ఆవిడ వాదన. అతనితో ఆడిన ఫుట్‌బాల్ ఆటలో మొదటి సగం అయ్యేసరికి ఆవిడ రెండు గోల్స్ ముందుంది. సరిగ్గా అప్పుడే మా బావమరిది చేతిలోని నీళ్ల గ్లాసు కన్సోల్ మీద ఒలికింది. ఆనాటి నుంచి అతను ఇంటికి వచ్చినప్పుడల్లా కాఫీతోపాటు ఒక మాట కూడా అందుకుంటున్నాడు.

“సగం ఆట బాకీ ఉన్నావురా.”

దుకాణంలో కౌంటరు దగ్గరి అమ్మాయి రెండు పెట్టెలు పక్కపక్కనే పెట్టింది. చవకదానికి డిస్కు పెట్టే చోటు లేదు. రెండోదానికి చోటూ ఉంది, ధరా ఉంది. మిగతాదంతా ఒకటేనట.

సలహాకని వెంట వచ్చిన బావమరిది చవకదాని మీద చెయ్యేశాడు.

“ఇదే తీసుకో బావా. ఈ రోజుల్లో డిస్కులెవరు వాడుతున్నారు? అన్నీ నెట్‌లోనే దొరుకుతాయి.”

మా ఆవిడ సంచీలోంచి ఆ పాత ఆట డిస్కు తీసి ఆ అమ్మాయి ముందు పెట్టింది. “ఇది కూడానా అమ్మా?”

“ఇది నెట్‌లో లేదండీ. ఖరీదుదాంట్లో అయితే ఆడుతుంది.”

“అక్కా, దాన్నింకా దాచావా?”

“అప్పు పత్రాలు ఎవరైనా పారేస్తారట్రా?”

కళ్లు మూసుకుని దేవుణ్ణి అడిగాను. ఆయన ఎప్పటిలాగే ఏమీ అనలేదు. నా చెయ్యి మాత్రం చవక పెట్టె వైపు బయలుదేరింది. అప్పుడు బావమరిది నా చెవిలో మెల్లగా అన్నాడు.

“చవకది తీసుకుంటే ఇంకో కంట్రోలర్ నేను కొనిపెడతా బావా.”

కళ్లు తెరిచాను. పుట్టి బుద్ధెరిగి అతను ఒకరికి టీ ఇప్పించిన మనిషి కాదు. దేవుడు ఇలా కూడా జవాబు చెబుతాడేమో నాకు తెలియదు.

“ఖరీదుదే ఇవ్వమ్మా,” అన్నాను.

ఇంటికొచ్చాక మా ఆవిడ నీళ్ల సీసాలన్నీ వంటింట్లోకి చేర్చి, తర్వాత కూర్చుంది.

“ముందు నా రెండు గోల్స్ నాకు వెయ్యి.”

“మొదట్నుంచీ ఆడదాంలే అక్కా.”

“మొదటి సగం ఎప్పుడో అయిపోయింది.”

అతను తన ఆటగాణ్ణి వెనక్కి తిప్పి తన గోల్‌లోకే బంతి తన్నుకున్నాడు. రెండోసారి తన గోల్‌కీపరే ఎగిరి పట్టేశాడు.

“వాడికున్న పౌరుషం నీకు లేదు. మళ్లీ కొట్టు,” అంది.

మళ్లీ కొట్టాడు. ఆ తర్వాత అసలు ఆట, ఆ బాకీ ఉన్న రెండో సగం, మొదలైంది. కసిమీద ఉన్నాడేమో, రెండు గోల్స్ తిరిగి వేశాడు. మా ఆవిడ పెదవి కొరుక్కుంటూ ఆడింది. చివరి ఈల మోగేసరికి ఇద్దరూ సమానం.

“ఇంకొక్కటి ఆడదాం అక్కా. ఎవరి సత్తా ఏంటో తేలిపోతుంది,” అన్నాడు, ఉత్సాహంగా ముందుకు జరిగి.

మా ఆవిడ డిస్కు బయటికి తీసి డబ్బాలో పెట్టింది.

“అక్కర్లేదు. నువ్వివ్వాల్సింది సగమే. ముట్టింది.”