మెట్ల మలుపులో కుర్చీ

యాభై రెండేళ్లు వడ్రంగం చేశాను. నా రంపం ఒక్కసారి కూడా తప్పు గీత మీద పడలేదు. నమ్మనివాళ్లు నేను బిగించిన తలుపుల్ని అడగవచ్చు. వాటిలో ఒకటో రెండో సరిగా మూసుకోకపోవచ్చు గానీ అబద్ధం మాత్రం చెప్పవు.

ఆ రోజు ఒక ఆరంతస్తుల భవనంలో, మొదటి అంతస్తులో గుమ్మం సరిచేస్తున్నాను. లిఫ్టు చెడి వారమైంది. మెట్లు కట్టినవాడు పిల్లిని నడిపించి వెడల్పు కొలుచుకున్నట్టున్నాడు, అంత ఇరుకు. మధ్యాహ్నం మూడు కావస్తుండగా పైనుంచి ఒకామె పరుగున దిగివచ్చింది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి గానీ అప్పుడు ఏడవడం లేదు. ఏడవడానికి తీరిక లేదు పాపం.

"మా అత్తయ్యని కిందికి దించాలి. మనుషులు కావాలి" అంది.

సంగతేమిటంటే, ముందురోజు ఆమె భర్త పనిచేసే చోటే గుండె ఆగి పోయాడు. ఆసుపత్రి నుంచి శ్మశానానికి వెళ్లే బండి దారిలో ఇక్కడ ఇరవై నిమిషాలు ఆగుతుంది. శ్మశానంలో నాలుగింటికి వాళ్ల వంతు. అది తప్పితే మర్నాటికి గానీ దొరకదు, అంతవరకు ఉంచే వీలు లేదన్నారట. ఆయన్ను ఉంచిన పెట్టెను పైకి తేవాలంటే ప్రతి మలుపులోనూ నిలువుగా నిలబెట్టాలి. అందుకు ఆమె ఒప్పుకోలేదు. ఆరో అంతస్తులో ఉన్న తల్లికేమో తుంటి ఎముక విరిగి నాలుగు నెలలైంది. వీపున వేసుకోకూడదు, కూర్చున్నది కూర్చున్నట్టే దించాలి. రాత్రి నుంచి ఆ ముసలితల్లి ఒకే మాట అంటోందట, వాడి మొహం చూపించండి అని.

ఆ సమయానికి గ్యాస్ సిలిండర్లు మోసే ఆయన ఖాళీ సిలిండరుతో దిగుతున్నాడు. మనిషికి మెడ లేదు. దేవుడు తొందరలో ఉండి తలను సరాసరి భుజాల మీదే బిగించేశాడు. రెండో అంతస్తులో కొత్తగా దిగిన బస్సు కండక్టరమ్మ గొడవ విని బయటికి వచ్చింది. మేం ముగ్గురం అంతకుముందు ఒకరి మొహం ఒకరు ఎరగం. సిలిండరు గోడకు చేరింది, నా పనిముట్ల సంచి భుజానికెక్కింది, అంతే.

పైన ముసలమ్మ తల దువ్వుకుని, కళ్లజోడు తుడిచి పెట్టుకుని సిద్ధంగా ఉంది. ఆమె కూర్చున్న కుర్చీ కొడుకు సెలవు రోజుల్లో తన చేత్తో చేసిందట. కుర్చీ చేతులు మరీ వెడల్పు. ఏనుగు కూర్చుంటుందనుకున్నావా నాయనా అని మనసులోనే వెక్కిరించాను. దుప్పటితో ఆమెను కుర్చీ వీపుకు ఆనించి కట్టాం. సిలిండరాయన, కండక్టరమ్మ కింది వైపు, నేనూ కోడలూ పై వైపు పట్టుకున్నాం. కండక్టరమ్మ బస్సులో ఉన్నట్టే పోనివ్వమంటోంది, ఆపమంటోంది.

మొదటి మలుపులోనే కుర్చీ ఇరుక్కుంది. ఒక చేయి గోడకు, ఇంకో చేయి రెయిలింగుకు తగిలి ఆగిపోయింది. వంచితే ఆమె తుంటికి ప్రమాదం. వెనక్కి లాగితే రాలేదు. ఎత్తుదామంటాడు సిలిండరాయన, తిప్పుదామంటాను నేను, రెయిలింగు కోద్దామంటుంది కండక్టరమ్మ. ఆమె తల మీదుగా మేం వాదించుకుంటున్నాం. కింద హారను మోగింది. బండి వచ్చేసింది.

"చేయి కోసేస్తాను, ఒక్క నిమిషం" అన్నాను. కోడలు కళ్లు మూసుకుంది. ఆయన చేసిన చేయి మరి. నేను పెన్సిలుతో గీత గీసి రంపం పెట్టాను. రెండు లాగులు లాగానో లేదో, అంతదాకా కళ్లు మూసుకుని కూర్చున్న ముసలమ్మ ఆ చప్పుడుకి కళ్లు తెరిచింది.

"ఇది పైకి ఎలా వచ్చిందనుకున్నావు నాయనా? ఆ రోజు కూడా లిఫ్టు లేదు. వాడు చేతులు ఊడదీసి తెచ్చాడు. కింద తడుము."

నా చేతిలో రంపం ఆగిపోయింది. అంతవరకూ ఆమెను అడగాలని ఎవరికీ తోచలేదు. బీరువాను దించుతున్నట్టు మాలో మేమే కొట్టుకున్నాం. తడిమి చూస్తే ఒక్కో చేతికి రెండేసి కొయ్య మేకులున్నాయి, తేలిగ్గా జారేలా సబ్బు రాసి మరీ దిగ్గొట్టాడు. మూడు మేకులు బొటనవేలితో తోస్తేనే వచ్చేశాయి. నాలుగోది చెమ్మకు ఉబ్బి బిగుసుకుపోయింది. సుత్తితో కొడితే కుర్చీ అదురుతుంది. కుర్చీ అదిరితే ఆమె ఎముక అదురుతుంది.

అప్పుడు బండి డ్రైవరు గడియారం చూసుకుంటూ పైకి వచ్చాడు. ఇంక ఆపలేను, నాలుగు దాటితే నా ఉద్యోగం పోతుంది అనడానికే వచ్చాడు, అన్నాడు కూడా.

"వస్తున్నా నాయనా" అంది ముసలమ్మ. "నాకు తొందరే, ఆ మేకుకే లేదు."

డ్రైవరు ఆమెనూ నన్నూ చూశాడు. తర్వాత కుర్చీ కిందికి దూరి, పీటను భుజం మీద మోపుకుని అదరకుండా బిగబట్టాడు. "కొట్టండి బాబాయ్" అన్నాడు.

మూడు దెబ్బలు వేశాను. మొదటి రెండిటికీ ఆమె పెదవి కొరుక్కుంది. మూడోదానికి మేకు ఎగిరి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది.

చేతులు ఊడిన కుర్చీ మలుపులో నీళ్లలా తిరిగింది. మిగతా మెట్లు ఎలా దిగామో నాకు గుర్తు లేదు, కండక్టరమ్మ గొంతు ఒక్కటే గుర్తుంది. వీధిలో డ్రైవరు బండి వెనక తలుపు తెరిచి పెట్టె మూత తీశాడు. నేనూ కోడలూ వీపు ఒరగకుండా పట్టుకుంటే, సిలిండరాయనా డ్రైవరూ కుర్చీని పెట్టె ఎత్తుకు లేపి అలాగే నిలబడ్డారు. మెడ లేని ఆ మనిషికి అప్పుడు మెడ నరాలు కనిపించాయి.

ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకుంది. కొడుకు నుదురు నిమిరింది.

"చేతులు ఊడదీసే తెచ్చార్రా" అంది. "నువ్వు తెచ్చినట్టే."

బండి నాలుగుకు రెండు నిమిషాల ముందు చేరిందని కోడలు తర్వాత చెప్పింది. ఆ సాయంత్రం మళ్లీ ఆమెను పైకి మోశాం. దొర్లిపోయిన మేకును కండక్టరమ్మ వెతికి తెచ్చింది, చేతులు బిగించాను. కుడి చేతి మీద నా రంపం కోసిన గాటు గోరంత లోతుంది. యాభై రెండేళ్లలో తప్పు గీత లేదన్నానే, ఇదిగో ఉంది. లక్క పెట్టి పూడుస్తానన్నాను. ఆమె వద్దంది. వెళ్లినప్పుడల్లా చూస్తాను, మాట్లాడుతూ ఆ గాట్లో గోరు పెట్టుకుని కూర్చుంటుంది.

ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. ఆ భవనానికి ఆరు అంతస్తులు లేవు, నాలుగే. పై రెండూ నేను కట్టినవి. నీకు మేస్త్రీ పని రాదు కదయ్యా అంటాడు సిలిండరాయన. రాకపోతేనేం, ఇప్పటిదాకా కూలలేదు.