పద్నాలుగు ఇళ్ళ ఆబోతు

మా కొండ ఊళ్ళో పద్నాలుగు ఇళ్ళు, ఒకే ఒక ఆబోతు. ఎవరి ఆవు ఎదకొచ్చినా దాని దగ్గరికే తోలుకెళ్ళాలి. దాని కొట్టం ఊరిది, దాని పచ్చిక బీడు ఊరిది. పేడ కూడా వంతులు వేసుకుని పంచుకునేవాళ్ళం. మేత వంతు ఏ ఇంటిదైతే ఆ ఇల్లే పెట్టాలి, ఇంకొకరు వేలు పెట్టకూడదు. దాని పేరు మరేలో. మా ఆయన జెఫెరీనో ఆ ఏడాది దాని కాపరి. నాతో రోజంతా కలిపి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప ఆ మనిషికి. ఆ పశువు గంగడోలు నిమురుతూ మాత్రం గంటలకొద్దీ కబుర్లు. చూస్తే నాకు ఒళ్ళు మండిపోయేది.

ఆగస్టులో పెద్రోసా ఊరి ఆబోతుతో పోటీ. మూడేళ్ళుగా వాళ్ళదే గెలుపు. సంతలో మా మగాళ్ళు కనిపిస్తే చాలు, వెనక నుంచి దూడల్లా అంబా అని అరిచేవాళ్ళు వెధవలు. ఈసారి మరేలోకి నాలుగేళ్ళు నిండాయి, మంచి వయసులో ఉంది. గాజుపెంకుతో కొమ్ములు గీకి గీకి పదును పెట్టారు.

ఆ ఏడాది ఊరిపెద్ద అల్బెర్తీనో. దున్నపోతంత మనిషి, గొంతూ అంతే. ముందురోజు సాయంత్రం అందర్నీ నిలబెట్టి చెప్పాడు.

"రేపు పొద్దున దానికి నీళ్ళు తప్ప ఏమీ పెట్టకూడదు. గడ్డిపోచ చూపించినా తోలు తీస్తా. ఏం జుల్మీరా, వినపడిందా?"

"నాకొక్కదానికే చెవుడా? నీ పెళ్ళానికి చెప్పుకో ముందు," అన్నాను. అందరూ నవ్వారు.

తెల్లారింది. ఆదివారం. జెఫెరీనో చర్చికి వెళ్ళగానే నేను రై ధాన్యపు రొట్టె ఒకటి తీసి, నాలుగు గుడ్లు కొట్టి, ఎర్ర వైనులో నానబెట్టి కొట్టానికి పట్టుకెళ్ళాను. బలం రావద్దూ మరి? ఒక్క రొట్టెకి ఏమవుతుందిలే అనుకున్నాను. మరేలో అయిష్టంగా తింది. మూతి అప్పటికే ఎర్రగా ఉంది. చూశాను, చూసి కూడా నా మట్టిబుర్రకి ఏమీ తట్టలేదు. చర్చికి ఆలస్యంగా చేరి చూస్తే నా వెనక ఇంకా ముగ్గురు ఆలస్యంగా వచ్చారు. పక్కింటి అదోజిందా కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన మోకరిల్లింది.

మధ్యాహ్నం బీడులో రెండు ఊళ్ళూ చేరాయి. మగాళ్ళందరి చేతుల్లో కర్రలు. రెండు ఆబోతులూ తలలు ఢీకొన్న చప్పుడుకి నా పళ్ళు జివ్వుమన్నాయి. మొదటి తోపులో మరేలో పెద్రోసా దాన్ని పది అడుగులు వెనక్కి నెట్టింది. మా వాళ్ళు గొంతులు చించుకున్నారు. రెండో తోపులో దాని కాళ్ళు వణికాయి. పొట్ట డోలులా ఉబ్బింది. పెద్రోసా ఆబోతు కొమ్ము దాని భుజంలో దిగి, కండ చీల్చి బయటికొచ్చింది. రక్తం చిమ్మి ముందు వరుసలో ఉన్నవాళ్ళ చొక్కాల మీద పడింది. మరేలో వెనక్కి తిరిగింది. పరిగెత్తబోయి, ఓక్ చెట్ల కింద కుప్పకూలి, నాలుక బయటపెట్టి మూలిగింది. లేచే దారి లేదు. అల్బెర్తీనో ఏడుస్తూనే దాని గొంతులో కత్తి దించాడు.

పెద్రోసా వాళ్ళు అంబా అంబా అంటూ కొండ దిగిపోయారు. మా వాళ్ళకి కొట్టడానికి మనిషి కావాలి.

"పొట్ట చూడండ్రా! దీనికి ఎవడో ఏదో పెట్టాడు," అన్నాడు అల్బెర్తీనో. "కాపరి ఎవడు?"

"మొన్న సంతలో పెద్రోసా వాడితో కూర్చుని తాగాడు, నేను చూశా!" ఎవరో అరిచారు.

"ఎంతకి అమ్మావురా మన ఆబోతుని? నోరు తెరువు!"

జెఫెరీనో నోరు తెరవలేదు. మొదటి కర్ర వీపు మీద పడింది. రెండోది మోచేతి మీద, ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నేను ఊరందరి ముందూ దోషిని అవుతానన్న భయంతో నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను. సిగ్గులేనిదాన్ని, నిలబడే ఉన్నాను. మూడోది తల మీద పడింది. ఆయన మోకాళ్ళ మీద కూలాడు, చెవిలోంచి రక్తం కారింది. అప్పుడు వెళ్ళి ఆయన మీద పడ్డాను.

"నేను పెట్టానురా! వైనులో నానబెట్టిన రొట్టె, నా చేతులతో! నన్ను కొట్టండి!"

"మొగుణ్ణి కాపాడుకోవడానికి అబద్ధమాడుతోంది. ఒక్క రొట్టెకి ఇంత ఉబ్బుతుందా?" అని మళ్ళీ కర్ర ఎత్తాడు అల్బెర్తీనో.

నేను లేచి వాడి మొలలోంచి కత్తి లాక్కున్నాను. మరేలో పొట్టని అడ్డంగా కోశాను. నా మోచేతుల దాకా వేడి రక్తం. చీలికలోంచి ఊదారంగు ముద్ద భళ్ళున గడ్డి మీద పడింది. రై రొట్టె, మొక్కజొన్న రొట్టె, గుడ్ల పెంకులు, ఉడికిన చెస్ట్‌నట్ కాయలు, సోంపు గింజలు. ఊరంతటిలో రొట్టెలో సోంపు వేసేది అదోజిందా ఒక్కతే. పంది కొవ్వులో వేయించిన రొట్టె ముక్కలు అల్బెర్తీనో ఇంటివి. ఎవరి రొట్టెని వాళ్ళు గుర్తుపట్టారు.

"పొద్దున... నేను ఒక్కటే పెట్టా," అంది అదోజిందా.

"నేనూ ఒక్కటేగా," అన్నాడు ఇంకొకడు. అల్బెర్తీనో కర్ర వదిలేసి, ఆ ముద్ద పక్కనే కూర్చుని వాంతి చేసుకున్నాడు.

చచ్చిన ఆబోతు మాంసం పద్నాలుగు వాటాలు వెయ్యడం ఆచారం. వేశారు. మా వాటా అల్బెర్తీనోయే తెచ్చి గుమ్మంలో పెట్టి, తలెత్తకుండా వెళ్ళిపోయాడు. కుక్కలకి విసిరేశాను.

మూడో రోజు పొద్దున జెఫెరీనోకి తెలివొచ్చింది. ఒక కన్ను మూసుకుపోయింది, రెండో కంటితో నన్ను వెతికాడు.

"నువ్వే పెట్టానని అరిచావు కదే, నిజమేనా?"

"పెట్టాను. గుడ్లు కూడా కొట్టి పెట్టాను. నా చేతులు విరగ్గొట్టుకోవాలి."

ఆయన పెదవి వంకరపోయింది. నవ్వాడని కాసేపటికి గానీ అర్థం కాలేదు నాకు.

"పిచ్చిమొహమా. చర్చికి పోయే ముందు నేనూ ఒకటి పెట్టా."

పక్క మీద వాలి ఆయన చొక్కా పట్టుకున్నాను.

"మరి అంతలా కొడుతుంటే ఆ ముక్క చెప్పి చావొచ్చు కదయ్యా! ఎందుకు నోరు మూసుకున్నావు?"

"నువ్వెందుకు మూసుకున్నావే?" అన్నాడు.

కోపంగా అడగలేదు. నేను ఏం చెబుతానా అని ఎదురుచూశాడు. ఆ ఒక్క కన్నూ తెరిచి ఉండగానే ప్రాణం పోయింది.